మోకాలి చిప్పల ఆపరేషన్‌కి ముందు 8 వారాలు: ఒంటిని తిండితో ఎలా సిద్ధం చేసుకోవాలి

ఇంట్లో అమ్మకో నాన్నకో మోకాలి చిప్పలు మార్పించాలని అనుకున్నాక ఏ హాస్పిటల్, ఏ డాక్టర్, ఏ కంపెనీ ఇంప్లాంట్, ఇన్సూరెన్స్ ఎంతవరకు ఇస్తుంది, అమెరికాలో ఉన్న అబ్బాయికి సెలవు ఎప్పుడు దొరుకుతుంది, ఇవన్నీ నెలల తరబడి మాట్లాడుకుంటారు, పేషెంట్ కంచంలో ఏం పడుతోందో మాత్రం ఎవరూ చూడరు. నేను డైటీషియన్‌ని, ఎక్కువగా ఆర్థో వార్డు వాళ్ళనే చూస్తాను. చాలామందిని నేను మొదటిసారి కలిసేది ఆపరేషన్ అయిన మర్నాడు. కట్టు విప్పకముందే "ఇప్పుడు ఏం పెట్టాలమ్మా" అని అడుగుతారు. చెప్తాను, కానీ ఆ ప్రశ్న రెండు నెలల ముందు అడిగి ఉంటే ఎంత బాగుండేదో అని ప్రతిసారీ అనిపిస్తుంది.

ఎందుకంటే ఇది యాక్సిడెంట్ కేసు కాదు, డేట్ మన చేతిలో ఉన్న ఆపరేషన్. ఎముక కోసి లోహం, ప్లాస్టిక్ అమర్చడం ఒంటికి చాలా పెద్ద గాయం, ఆ గాయం మానడానికి, ఇన్ఫెక్షన్ రాకుండా కాచుకోవడానికి ప్రోటీన్ బాగా కావాలి, తిండిలోంచి రాకపోతే ఒళ్ళు తన కండరాల్లోంచే లాక్కుంటుంది. అదీ తొడ ముందు కండరం నుంచి, అంటే రేపు లేచి నిలబడటానికి ఏది కావాలో దాంట్లోంచే. ఆపరేషన్ అయిన మొదటి నెలలో ఆ కండరం బలం సగానికి పైగా పడిపోతుందని కొలిచి చూసిన వాళ్ళున్నారు. ఏళ్ళ తరబడి నొప్పికి భయపడి నడవడం తగ్గించిన పెద్దవాళ్ళకి ఆ కండరం ముందే పీక్కుపోయి ఉంటుంది, అక్కడి నుంచి ఇంకా తగ్గితే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

మొదటి పని: 8 వారాల ముందే రక్త పరీక్షలు

హాస్పిటల్ వాళ్ళు ఆపరేషన్‌కి వారం ముందు ఎలాగూ టెస్టులు చేయిస్తారు కదా అనుకోకండి. అప్పుడు రక్తం తక్కువ ఉందని తెలిస్తే మిగిలేవి రెండే దారులు, వాయిదా వెయ్యడం లేదా రక్తం ఎక్కించడం. ముందే తెలిస్తే మందులతో, తిండితో సరిచేసుకోవచ్చు. మీ డాక్టర్‌ని అడిగి ఇవి చేయించండి: సీబీపీ (హిమోగ్లోబిన్ దీంట్లోనే తెలుస్తుంది), ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, విటమిన్ డి, మూడు నెలల షుగర్ అంటే హెచ్‌బీఏ1సీ, అల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), యూరిన్ టెస్ట్.

హిమోగ్లోబిన్ ఆడవాళ్ళకి 12 కన్నా, మగవాళ్ళకి 13 కన్నా తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. ఫెర్రిటిన్ 30 లోపు ఉంటే ఐరన్ నిల్వలు అడుగంటినట్టు. అల్బుమిన్ 3.5 కన్నా తక్కువుంటే పుండు త్వరగా మానదు, ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది, అయితే అల్బుమిన్ ఒక్క తిండి వల్లే తగ్గదు, లివర్, కిడ్నీ సమస్యలున్నా, ఒంట్లో వాపు ఉన్నా తగ్గుతుంది కాబట్టి రిపోర్టు చూసి మీకు మీరే తేల్చేసుకోకండి.

క్రియాటినిన్ గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. కింద నేను ప్రోటీన్ పెంచమని చెప్తున్నదంతా కిడ్నీలు బాగున్నవాళ్ళకి. మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని ఏళ్ళ తరబడి వాడినవాళ్ళు, షుగర్, బీపీ పాతబడినవాళ్ళు, కిడ్నీ జబ్బు ఎక్కువగా కనిపించే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం వాళ్ళు ఈ టెస్ట్ చూసుకోకుండా ప్రోటీన్ పౌడర్ డబ్బా మూత కూడా తియ్యొద్దు. కిడ్నీ దెబ్బతిని ఉంటే ఎంత తినాలో నెఫ్రాలజిస్ట్, అంటే కిడ్నీ డాక్టర్ చెప్పాలి.

రెండోది: మూడు రోజులు తిన్నదంతా రాయండి

ఒక పాత నోట్‌బుక్ చాలు. పొద్దున కాఫీ నుంచి రాత్రి మజ్జిగ దాకా, ఎంత తిన్నారో కూడా రాయాలి, "పప్పు తిన్నా" అంటే సరిపోదు, గట్టి పప్పా, పప్పుచారా, ఎన్ని గరిటెలు అన్నది కావాలి.

మా దగ్గరికి వచ్చే 65 కిలోల పెద్దావిడ రోజు దాదాపు ఇలా ఉంటుంది. పొద్దున కాఫీలో పాలు 3 గ్రాముల ప్రోటీన్, రెండు ఇడ్లీ చట్నీ కలిపి 5, మధ్యాహ్నం అన్నం, బెండకాయ వేపుడు, పల్చటి పప్పుచారు, మజ్జిగ అన్నీ కలిపి 16, సాయంత్రం టీ రెండు బిస్కెట్లు 3, రాత్రి షుగర్ ఉందని రెండు పుల్కాలు, కాస్త కూర, అదొక 8. మొత్తం 35. కడుపు నిండింది, ఆకలి లేదు, ఆవిడ దృష్టిలో బాగానే తింటున్నారు. మామూలు ఆరోగ్యవంతులకే రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాములు కావాలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క, అంటే ఆవిడకి 54. ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళకి 1.2 నుంచి 1.5 దాకా కావాలి, అంటే తక్కువలో తక్కువ 78. ఆవిడ తినేది అందులో సగం కూడా లేదు.

ఇంకో విషయం కూడా ఆ నోట్‌బుక్‌లో బయటపడుతుంది. ఆవిడే వండుతుంది, అందరికీ వడ్డించి చివర్లో తింటుంది, కోడిగుడ్ల కూరలో గుడ్లన్నీ పిల్లలకీ ఆయనకీ వెళ్ళిపోయి ఆవిడకి పులుసు మిగులుతుంది. దీనికి ఏ టాబ్లెట్టూ లేదు, ఈ రెండు నెలలు ఆవిడ కంచం ముందు పెట్టాలి, అంతే.

మూడోది: 35ని 80 చెయ్యడం

కొత్త వంటలేమీ అక్కర్లేదు. పొద్దున ఇడ్లీ బదులు రెండు పెసరట్లు వేస్తే, 60 గ్రాముల పెసలు పడ్డాయనుకుంటే, 14 గ్రాములు వచ్చేస్తాయి, దాంతో గ్లాసు పాలు తాగితే ఇంకో 6 పైన. ఇడ్లీయే కావాలంటే పక్కన రెండు ఉడికించిన గుడ్లు పెట్టండి, గుడ్డుకి 6 చొప్పున 12. పదకొండింటికి గుప్పెడు వేయించిన పల్లీలు, 30 గ్రాములకి 7. మధ్యాహ్నం పప్పుచారు మానేసి గట్టి పప్పు, ఆవిడ ఒక్కరి వాటాకే 40 గ్రాముల కందిపప్పు పడాలి, అది 9 గ్రాములు, అన్నం ఒక కప్పు 4, ఒక గుడ్డు 6, మజ్జిగ బదులు గట్టి పెరుగు ఒక కప్పు 5. చేపలు తినేవాళ్ళు గుడ్డు బదులు 100 గ్రాముల చేప తింటే ఒక్కసారే 18 నుంచి 20 వస్తాయి. సాయంత్రం బిస్కెట్ల బదులు ఉడికించిన శనగలు, 30 గ్రాముల ఎండు శనగలు నానబెడితే 6. రాత్రి పుల్కాల్లోకి 25 గ్రాముల మీల్ మేకర్ వేసి కూర చేస్తే 13, పుల్కాలు 6, పడుకునే ముందు గ్లాసు పాలు 6. కూడి చూసుకోండి, 80 దాటిపోతుంది.

మీల్ మేకర్ గురించి జనానికి తెలియంది ఏంటంటే ఎండు మీల్ మేకర్‌లో సగానికి పైగా ప్రోటీనే, శాకాహారులకి ఇంత చవగ్గా ఇంకేదీ దొరకదు. పన్నీర్ 100 గ్రాములకి 18 ఇస్తుంది కానీ కొవ్వు కూడా బాగా ఉంటుంది, ధర కూడా.

మొత్తం ఒక్క పూటే తినేస్తే పెద్ద వయసులో కండరానికి అంత బాగా పట్టదు, పూటకి 20 నుంచి 25 గ్రాములు పడేలా మూడు పూటలా పంచండి. పళ్ళు లేవు నమల్లేను అనేవాళ్ళకి పెసరపప్పు కిచిడీలో గుడ్డు కలిపి పెట్టొచ్చు, పల్లీలు పొడి కొట్టి పెరుగులో వేసి ఇవ్వొచ్చు. పన్ను నొప్పి, చిగుళ్ళలో చీము లాంటివి ఉంటే మాత్రం ఇప్పుడే డెంటిస్ట్‌కి చూపించాలి, ఎందుకంటే నోట్లో ఇన్ఫెక్షన్ రక్తంలోంచి కొత్త కీలుకి పాకే ప్రమాదం ఉంది.

పౌడర్ల సంగతి. డబ్బా వెనక సన్న అక్షరాలు చదవండి, వంద గ్రాములకి ప్రోటీన్ ఎంత, చక్కెర ఎంత అని. చాక్లెట్ రుచితో టీవీలో కనిపించే చాలా పౌడర్లలో ప్రోటీన్ కన్నా చక్కెర ఎక్కువ. తిండితో నిజంగానే చేరుకోలేకపోతేనే వే ప్రోటీన్ (పాల నుంచి తీసిన ప్రోటీన్ పౌడర్) తీసుకోండి, ఒక స్కూపుకి 20 నుంచి 25 వస్తాయి, కిడ్నీ రిపోర్టు చూసుకున్నాకే.

తినడంతో పాటు తొడ బిగించే వ్యాయామం కూడా చెయ్యాలి, మంచం మీద కాలు చాపుకుని మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి దాన్ని కిందకి నొక్కి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలడం. ఫిజియో దగ్గర ఒకసారి నేర్చుకుంటే చాలు. కదిలిన కండరానికే తిన్న ప్రోటీన్ బాగా పడుతుంది.

నాలుగోది: రక్తం

బీట్‌రూట్ జ్యూస్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందని రోజూ గ్లాసులకి గ్లాసులు పట్టిస్తారు. బీట్‌రూట్‌లో ఐరన్ 100 గ్రాములకి ఒక మిల్లీగ్రాము కూడా సరిగ్గా ఉండదు, షుగర్ పేషెంట్‌కి ఆ జ్యూస్ చక్కెర పెంచడం తప్ప పెద్దగా చేసేదేం లేదు. మాంసం, లివర్, ఆకుకూరలు, పప్పులు మంచివే, పైన నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ ఇంకా బాగా పడుతుంది, కానీ హిమోగ్లోబిన్ 9 దగ్గర ఉన్న మనిషికి 8 వారాల్లో తిండి ఒక్కదానితో 12కి రాదు, మందు వాడాల్సిందే.

ఐరన్ టాబ్లెట్ ఎలా వేసుకుంటారన్న దాంట్లోనే సగం ఫలితం ఉంది. టీ, కాఫీతో గానీ, కాల్షియం టాబ్లెట్‌తో గానీ కలిపి వేసుకుంటే ఐరన్ పట్టదు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి థైరాయిడ్ మాత్ర కూడా ఉంటుంది, దానికీ ఐరన్‌కీ నాలుగు గంటల ఎడం ఉండాలి. అందుకని నేను రాసిచ్చే టైంటేబుల్ ఇది: పొద్దున ఆరింటికి పరగడుపున థైరాయిడ్ మాత్ర, పదకొండింటికి నిమ్మరసం నీళ్ళతో ఐరన్, రాత్రి భోజనం తర్వాత కాల్షియం. కడుపులో తిప్పితే మానెయ్యకుండా డాక్టర్‌కి చెప్పండి, రోజు విడిచి రోజు వేసుకున్నా ఐరన్ బాగానే పడుతుంది. విరేచనం నల్లగా రావడం ఐరన్ వల్ల మామూలే. ఐరన్ వేసుకోకుండానే తారులా నల్లగా వస్తుంటే అది వేరే సంగతి, నొప్పి మాత్రలు కడుపులో పుండు చేసి లోపల రక్తం కారుతుండొచ్చు, మోకాళ్ళ నొప్పి వాళ్ళలో రక్తం తగ్గడానికి ఇదొక పెద్ద కారణం, ఆ కారుతున్నది ఆపకుండా ఎంత ఐరన్ పోసినా లాభం లేదు.

టైం తక్కువుంటే, మాత్రలు పడకపోతే సెలైన్ ద్వారా ఐరన్ ఎక్కిస్తారు, దానికి భయపడక్కర్లేదు, కాకపోతే అది హాస్పిటల్లోనే జరగాలి.

శాకాహారులూ, ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ వాళ్ళూ బీ12 తప్పకుండా చూపించుకోవాలి, చాలామందికి తక్కువే వస్తుంది.

ఐదోది: షుగర్

హెచ్‌బీఏ1సీ 7.5, 8 దాటితే చాలామంది సర్జన్లు ఆపరేషన్ వాయిదా వేస్తారు, ఇన్ఫెక్షన్ భయంతో. కొత్త కీలులో ఇన్ఫెక్షన్ వస్తే మళ్ళీ కోసి పెట్టిందంతా తియ్యాల్సి రావొచ్చు, అందుకే ఇది డాక్టర్ మొండితనం కాదు. ఈ నంబర్ దిగడానికి రెండు మూడు నెలలు పడుతుంది, చివరి వారం ఉపవాసం ఉంటే దిగదు. ఒంట్లో ఐరన్ బాగా తక్కువున్నవాళ్ళకి ఈ టెస్ట్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించొచ్చు, ఇంట్లో గ్లూకోమీటర్ నంబర్లు రాసుకెళ్ళి రెండూ డాక్టర్ ముందు పెట్టండి.

కంచంలో చెయ్యాల్సింది ఒక్కటే, అన్నం సగానికి తగ్గించి ఆ ఖాళీలో కూర, పప్పు పెట్టడం. కొర్రలు, అరికెలు తింటే ఎంతైనా తినొచ్చనుకోకండి, అవీ పిండి పదార్థమే. జొన్నరొట్టె మంచిది, దాంతో పాటు పప్పు ఉంటేనే.

విటమిన్ డి, కాల్షియం

విటమిన్ డి 20 కన్నా తక్కువుంటే లోపం. మన దగ్గర డాక్టర్లు సాధారణంగా 60,000 యూనిట్లది వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు రాస్తారు. వారానికి ఒకటి, రోజుకి ఒకటి కాదు! చీటీ సరిగ్గా చదవక రోజూ వేసుకుని కాల్షియం పెరిగిపోయి వాంతులతో ఐసీయూకి చేరేవాళ్ళున్నారు. పాలతోనో భోజనం తర్వాతో వేసుకుంటే బాగా పడుతుంది. కాల్షియానికి పాలు, పెరుగు, రాగి జావ, నువ్వులు, ముళ్ళతో సహా తినే చిన్న చేపలు.

బరువు, పొగ, మద్యం

బరువు తగ్గాలని డాక్టర్ చెప్పారని రెండు నెలలు జావ తాగి బతికితే తగ్గేది కొవ్వు కన్నా కండరం. తగ్గాలి అంటే అన్నం, నూనె, తీపి తగ్గించి ప్రోటీన్ అలాగే ఉంచి మెల్లగా తగ్గండి. సిగరెట్, చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, మద్యం కనీసం నాలుగు వారాల ముందు ఆపాలి. పొగ వల్ల పుండుకి రక్తం సరిగ్గా అందదు. రోజూ బాగా తాగే అలవాటున్నవాళ్ళు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావొచ్చు, డాక్టర్ సాయంతోనే ఆపాలి, ఇది దాచిపెట్టే విషయం కాదు.

ఉపవాసాలు, మొక్కులు

డేట్ పెట్టుకునేటప్పుడు క్యాలెండర్ చూస్తాం, అమావాస్య, మూఢం, అన్నీ చూస్తాం. దాంతో పాటు కార్తీక మాసం, మాలలు వేసే రోజులు కూడా చూడండి. ఆపరేషన్‌కి ముందు నెలంతా గుడ్డు, చేప మానేసి ఒంటిపూట తినే పరిస్థితి ఉంటే డేట్ కొంచెం జరుపుకోండి, లేదా ఆ నెలంతా పప్పు, పెరుగు, మీల్ మేకర్, పన్నీర్‌తో లెక్క సరిచేసుకోండి. సోమవారం, శనివారం ఉపవాసాలు ఈ రెండు నెలలు పండు, పాలు, శనగలతో తేలిగ్గా చేసుకోమని నేను మెల్లగా చెప్తాను, చాలామంది ఒప్పుకుంటారు.

ఆఖరి రెండు వారాలు

వేసుకునే ప్రతి మాత్ర, పొడి, కషాయం ఒక కవర్‌లో వేసి మత్తు డాక్టర్ ముందు పెట్టండి. చేప నూనె, విటమిన్ ఇ, వెల్లుల్లి క్యాప్సూల్స్, జిన్సెంగ్ లాంటివి రక్తం కారడాన్ని పెంచొచ్చు, ఒకటి రెండు వారాల ముందు ఆపిస్తారు. కూరలో వేసుకునే వెల్లుల్లికి ఏం కాదు. కీళ్ళ నొప్పులకని లేబుల్ లేని నాటు పొడులు వాడుతుంటే సిగ్గుపడకుండా చెప్పండి, కొన్నింటిలో స్టెరాయిడ్ కలుపుతారు, అది చెప్పకుండా మానేసి ఆపరేషన్‌కి వెళ్తే బీపీ ప్రమాదకరంగా పడిపోవచ్చు. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళకి సాధారణంగా మూడు రోజుల ముందు ఆపిస్తారు, వారానికోసారి వేసుకునే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ కడుపు ఖాళీ అవ్వడాన్ని ఆలస్యం చేస్తుంది, ఇవి రెండూ మత్తు డాక్టర్‌కి తెలియాలి. గుండె కోసం రక్తం గడ్డకట్టకుండా చేసే వార్ఫరిన్, ఎసినోకుమరాల్ వాడుతున్నవాళ్ళు నా మాట విని ఉన్నట్టుండి ఆకుకూరలు పెంచెయ్యకండి, మందు డోసు తారుమారవుతుంది. మీ అంతట మీరు ఏ మందూ ఆపొద్దు.

ముందు రోజు రాత్రి, ఆ పొద్దున

రాత్రి తేలిగ్గా, కానీ కడుపునిండా తినాలి, పెసరపప్పు కిచిడీ, పెరుగు చాలు. మామూలుగా పాటించే లెక్క ఏంటంటే నూనె, మాంసం ఉన్న భోజనం అయితే 8 గంటలు, తేలికపాటి తిండి, పాలు అయితే 6 గంటలు, మంచినీళ్ళు, పాలు లేని టీ లాంటి తేట ద్రవాలు 2 గంటల ముందు వరకు. రాత్రి పదింటి నుంచి గుక్క నీళ్ళు కూడా లేకుండా మధ్యాహ్నం వరకు ఎండబెట్టక్కర్లేదు, ఆపరేషన్ ఎన్నింటికో, ఎప్పటివరకు నీళ్ళు తాగొచ్చో ముందు రోజే అడిగి రాసుకోండి, మీ మత్తు డాక్టర్ చెప్పిందే ఫైనల్. పాల కాఫీని మాత్రం "కాస్తే కదా" అని తాగించకండి, పాలు కడుపులో తిండితో సమానం, ఆపరేషన్ క్యాన్సిల్ చేస్తారు.

ఇంటికొచ్చాక వంటగది

దీన్ని కూడా ముందే సిద్ధం చెయ్యాలి, ఎందుకంటే ఇంట్లో వంట చేసే మనిషే పేషెంట్ అయితే ఆరు వారాలు ఎవరు వండుతారన్నది అసలు ప్రశ్న. కందిపొడి, పల్లీల పొడి, నువ్వుల పొడి సీసాల్లో కొట్టి పెట్టుకోండి, పెసరట్టు పిండి, గట్టి పప్పు, గుడ్లు ఉడికించడం, ఈ మూడూ నాన్నగారికి నేర్పండి. నొప్పి మందుల వల్ల మలబద్ధకం వస్తుంది, జామకాయ, బొప్పాయి, ఆకుకూర ఇంట్లో ఉండాలి.

ఇక పథ్యం. చుట్టాలు చూడటానికి వచ్చి పప్పు పెట్టొద్దు చీము పడుతుంది, గుడ్డు వద్దు, వంకాయ వద్దు, గుమ్మడికాయ వద్దు, కారప్పొడి అన్నం, చారన్నం పెట్టండి అంటారు. ప్రేమతోనే అంటారు, పెద్దవాళ్ళు చెప్పిన మాటే అంటారు. చీము పట్టేది క్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. చారన్నం మీద పెట్టిన పేషెంటుకి పుండు మానే సరుకే అందదు, అంతకుముందు రెండు నెలలు కష్టపడి పోగుచేసింది రెండు వారాల్లో కరిగిపోతుంది. అందుకే అత్తగారితో, పిన్నితో, ఎవరి మాట ఇంట్లో చెల్లుతుందో వాళ్ళతో ఆపరేషన్‌కి ముందే కూర్చుని మాట్లాడండి, కుదిరితే ఆ మనిషినే డాక్టర్ దగ్గరికి వెంట తీసుకెళ్ళి పప్పు, గుడ్డు పెట్టొచ్చా అని వాళ్ళ చేతే అడిగించండి. డిశ్చార్జి అయిన రోజు నుంచే అదే 80 గ్రాముల లెక్క మళ్ళీ మొదలు, ఆకలి తక్కువుంటుంది కాబట్టి కొంచెం కొంచెంగా ఆరు పూటలు పెట్టండి, కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు.